స్కానింగులో దొరకని నడుం నొప్పి

సజ్జా క్యాంపుల్లో మన వాళ్ళ నోట ఎక్కువగా వినపడే మాట నడుం నొప్పి. స్టీల్ ఫిక్సరు పొద్దంతా వంగి కడ్డీలు కడతాడు, షటరింగ్ వాళ్ళు ప్లైవుడ్ మోస్తారు. క్లినిక్కుకు పోతే స్కానింగు తీస్తారు. రిపోర్టులో ఏమీ లేదంటే చాలు, 'డ్యూటీ ఎగ్గొట్టే నాటకం' అని సైటులో ముద్ర పడుతుంది. సూపర్‌వైజరుగా ఈ మాట రోజూ వింటున్నా. సైన్సు మాత్రం వేరే చెబుతోంది.

నొప్పి అంటే దెబ్బ తగిలిన చోటి సంగతేనని మనం అనుకుంటాం. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో గేటు లాంటిది ఉందనీ, నొప్పి కబురు మెదడుకు ఎంత పోవాలో అక్కడ తేలుతుందనీ చెప్పారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ లండన్‌లో ఎలుకల మీద ఇంకో సంగతి పట్టుకున్నాడు. కాలికి గాయమైతే వెన్నుపాములోని నరాల కణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయట. అప్పుడు చిన్నగా తాకినా నొప్పే. మన భాషలో చెప్పాలంటే, మంట ఆరినా మోగుతూనే ఉండే ఫైర్ అలారం. మంట లేదు కదా అని ఆ మోత అబద్ధమవుతుందా? అందరి నడుం నొప్పికీ ఇదే కారణమని కాదు, కానీ కొందరి విషయంలో ఇది నిజం.

స్కానింగు సంగతీ చూడండి. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగుల లెక్కలు 2015లో ఒకచోట చేర్చి చూస్తే, 20 ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగినట్టు తేలింది. 80 ఏళ్ళ వాళ్ళలో 96 శాతం! ఫొటోలో అరుగుదల ఉన్నా నొప్పి లేని వాళ్ళున్నప్పుడు, ఫొటో బాగున్నా నొప్పి ఉన్న వాళ్ళు ఎందుకుండరు? మూడు నెలలు దాటిన నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పట్టికలో విడిగా చోటిచ్చింది. అది 2022 నుంచి అమల్లో ఉంది.

మరి మందేదీ అంటే, అక్కడే చిక్కు. మన మిరపకాయ ఘాటును పట్టుకుని నరాల్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది (ఇంకొకరితో కలిపి). దాన్ని అడ్డుకునే మందులు పరీక్షిస్తే కొందరికి ఒళ్ళు వేడెక్కింది, వేడి సరిగా తెలియకుండా పోయింది. 2025 జనవరిలో అమెరికా ఒప్పుకున్న సుజెట్రిజిన్ కూడా కొత్త నొప్పికే, పాత నొప్పికి కాదు.

అందుకే మన వాళ్ళు గోలీల మీద పడుతున్నారు. ఎండకు నీళ్ళు తగ్గిన ఒంటికి రోజూ డైక్లోఫెనాక్ పడితే కిడ్నీలకే ముప్పు. ట్రమడాల్ అయితే ఇక్కడ నియంత్రిత మందు. ఊరి నుంచి సూట్‌కేసులో తేవాలంటే చీటీ ఒక్కటే చాలదు, ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి.

ప్రొబేషన్ దాటితే ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవు చట్టంలోనే ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం, మిగతావి జీతం లేకుండా. మూడు పనిరోజుల్లోపు కంపెనీకి చెప్పి మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. నొప్పి ఎన్ని నెలల నుంచి ఉందో డాక్టరుతో ఆ రిపోర్టులోనే రాయించుకోండి.