వెనుక బెంచీ పిల్లల చూపు

నల్లబల్లపై అక్షరాలు ఆనక పక్కవాడి నోటుపుస్తకంలో చూసి రాసుకునే పిల్లవాడు మన పల్లె బడుల్లో కొత్త కాదు. పంతులుగారు మొద్దు అంటారు, ఇంట్లో అశ్రద్ధ అంటారు. కళ్లు చూపించేవారు తక్కువ.

అప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను నాలుగు వేల మందికి పైగా పరీక్షించి 2002లో నివేదిక ప్రచురించారు. నూటికి నలుగురికి హ్రస్వదృష్టి, అంటే మనవాళ్లు 'సైటు' అనేది, ఉన్నట్టు తేలింది. అదే ఏడాది ఢిల్లీ లెక్క నూటికి ఏడుగురు. 2015లో వెలువడిన మరో నివేదికలో ఢిల్లీ బడిపిల్లల్లో నూటికి 13 మంది. పల్లె కొంత నయమే. కాని ఇప్పుడు పల్లెలోనూ పిల్లలు చీకటి పడ్డాక సెల్‌ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుంటున్నారు.

సైటు వచ్చిన కనుగుడ్డు వెనక్కి సాగి పొడుగవుతుంది. దూరపు వస్తువు బొమ్మ లోపలి తెరను చేరకముందే నిలిచిపోతుంది. పుస్తకం జానెడు దూరంలో పట్టుకుంటే కంటిలోని చిన్న కండరం బిగిసి కటకాన్ని ఉబ్బిస్తుంది. అప్పుడే దగ్గరి అక్షరం తెరపై కుదురుతుంది. సైటు ఉన్న పిల్లల్లో ఈ బిగింపు రవ్వంత చాలదని పరీక్షల్లో కనపడింది. బొమ్మ తెరకు కొంచెం వెనుక పడుతుంది.

పక్కచూపు సంగతి వేరు. కన్ను పొడుగైనందున మామూలు అద్దాలతో నడిమి చూపు స్పష్టమైనా, అంచుల బొమ్మ తెర వెనక్కి జారి మసకగానే ఉంటుంది. పిల్లవాడికి ఆ మసక తెలియదు. ఆ బొమ్మను అందుకోవడానికే కన్ను మరింత పొడుగు పెరుగుతుందని ఒక వాదం. అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఎర్ల్ స్మిత్ బృందం కోతిపిల్లలకు నడుమ రంధ్రం గల అద్దాలు పెట్టి చూసింది. నడిమి చూపుకు అడ్డు లేకపోయినా, అంచుల మసకకే కళ్లు పొడుగు పెరిగాయని 2009లో ప్రకటించింది. మనుషుల పిల్లల్లోనూ ఇంతేనా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. అయితే అంచుల మసకను సవరించే అద్దాలను హాంకాంగ్ పిల్లలకు రెండేళ్లు వాడి చూస్తే సైటు పెరుగుదల సగానికి తగ్గింది. వాటి ధర మాత్రం కూలి కుటుంబాలకు అందేది కాదు.

అద్దాలు పెడితే చూపు ఇంకా పాడవుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. ఆడపిల్లకైతే సంబంధాలు రావని మరో భయం. కొందరు కావాలనే తక్కువ పవరు అద్దాలు అడుగుతారు. మలేషియాలో అలా తక్కువ పవరు ఇచ్చి చూశారు. సైటు ఆగకపోగా ఇంకా వేగంగా పెరిగిందని 2002లో తేలింది. పిల్లకు బల్ల మీది లెక్క కనపడకుండా చేసి పెళ్లికి దాచిపెట్టడం ఏం న్యాయం?

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్లకు అలా ఉంచిన బడుల్లో కొత్తగా సైటు వచ్చినవారు నూటికి 30 మంది; మిగతా బడుల్లో 40 మంది. మన బడుల్లో పరీక్షలు రాగానే ముందు పోయేది ఆటల పీరియడే! దాన్ని లెక్కల మాస్టారికి ఇవ్వడం ఈ ఏడైనా మానాలి.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే గోడకు అక్షరాల చార్టు తగిలించి, 20 అడుగుల దూరాన పిల్లలను నిలబెట్టి, ఒక్కో కన్ను మూయించి చదివించాలని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాము. చదవలేని పిల్లల పేర్లు అదే రోజు తల్లిదండ్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి.