మంద లెక్క, మండలం లెక్క

తెలంగాణలో 2017 జూన్‌లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకం కింద ఒక్కొక్క యూనిట్‌లో 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీపై అందజేయబడినాయి. ఒక యూనిట్ గణితం సులభమే. చూడి కాలం సుమారు 5 నెలలు. ఈతల మధ్య వ్యవధి, పిల్లల మరణాల శాతం, అమ్మకపు వయస్సు తెలిసిన యెడల మంద వృద్ధిని ఒక్క కాగితంపై అంచనా వేయవచ్చు. ఆ కాగితంలో తప్పు లేదు. దానినే లబ్ధిదారుల సంఖ్యతో హెచ్చించి మండలానికి, రాష్ట్రానికి అన్వయించుటలో చిక్కు ఉన్నది.

30 కిలోల గొర్రెకు రోజుకు దాదాపు ఒక కిలో ఎండు పదార్థం కావాలి. ఒక యూనిట్‌కు 21 కిలోలు; పొలం గట్లు, బీళ్లు ఆ మాత్రం సమకూర్చగలవు. గ్రామంలో 100 యూనిట్లు చేరిన నాడు ఆ అవసరం రోజుకు 21 క్వింటాళ్లు. మందలు నూరింతలైనా గుట్టలు, చెరువు శిఖం భూములు నూరింతలు కావు. యూనిట్ నమూనాలో స్థిరాంకంగా ఉంచిన మేత గ్రామ నమూనాలో చలరాశి కాక తప్పదు.

ఏడాది సగటు మరింత మోసకరమైనది. వరి కోతల తరువాతి మోళ్ల మేతను, ఏప్రిల్, మే నెలల కొరతను కలిపి పన్నెండుతో భాగిస్తే కాగితంపై లోటు కనిపించదు. నిల్వ చేయని మేత జనవరి నుంచి మే నెలకు నడిచి రాదు కదా! పత్తి విస్తరించిన చోట ఏరుడు ముగిసే వరకు మందకు చేనులో ప్రవేశం ఉండదు. ఈ సంగతి ఏ కాపరినడిగినా చెబుతాడు. వలస ఎప్పుడు బయలుదేరవలెనో అతడు నిర్ణయించేది దీనిని బట్టే.

రాష్ట్రస్థాయిలో సమస్య మరొకటి. 2012లో సుమారు 128 లక్షలున్న గొర్రెలు 2019 పశుగణన నాటికి 190 లక్షలకు చేరినాయి. పథకం గొర్రెలలో అనేకం పొరుగు రాష్ట్రాల నుంచి కొనుగోలు చేసినవే. కొత్త మందలు కలిసేచోట పీపీఆర్ వంటి వ్యాధుల ముప్పు పెరుగుతుంది. అప్పుడు మరణాల శాతాన్ని స్థిరంగా భావించుట కుదరదు.

అంతమాత్రాన అన్నింటినీ చేర్చిన నమూనా మేలని కాదు. విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో చలరాశుల సంఖ్యయే ప్రతిభకు కొలమానమవుతున్నది. వాటిలో సగానికి క్షేత్రస్థాయి కొలతలు ఉండవు. నెలవారీ మేత, మందల రాకపోకలు గల చిన్న నమూనా అంతకంటె ఉపయుక్తం. అయితే ఏ అంశాన్ని, ఏ స్థాయిలో, ఎందుకు తొలగించినదీ అందులో పేర్కొనాలి. ఎంచుకున్న నాలుగైదు గ్రామాలలోనైనా మందవారీ లెక్కల మొత్తంతో దానిని సరిపోల్చి, తేడాను ఫలితాలతోపాటే ప్రచురించాలి.