తగవు

కలహము లేని ఊరుండదు. ఐనను, దానిని తీర్చుకొను తీరు అన్ని దేశములందును ఒక్కటి కాదు. జపానువారు సాధారణముగా నలుగురి యెదుట గొంతెత్తి వాదించుటకు సంకోచింతురు. మన పల్లెలలోనో, నలుగురిలో నిలిచి గట్టిగా చెప్పుకొననివాని పక్షమున న్యాయము లేదేమో యని శంకింతురు.

బాలలారా, మన భాషనే చూడుడు. 'తగవు' అనగా నేడు జగడము. ప్రాచీన కావ్యములలో ఆ మాటకు న్యాయమనియు అర్థము కలదు. తెలంగాణమున 'పంచాయితీ' కూడ అట్టిదే: తీర్చెడి సభ పేరు అదియే, తీరవలసిన పోట్లాట పేరును అదియే. రచ్చబండకడ కూర్చుండిన పెద్దలకు ఎవరు గెలిచిరను దానికంటె, రేపు వీరిరువురును ఒకే బావినీరు పారించుకొనుట యెట్లన్న చింతయే పెద్దదిగా నుండెడిది.

శంషాబాదు చేరువ పల్లెలో నేను ఉపాధ్యాయుడనుగా నుండగా, 1988వ సంవత్సరమున అట్టి గెట్టు పంచాయితీ యొకటి చూచితిని. తండ్రి పోయిన పిమ్మట పొలము పంచుకొనిన అన్నదమ్ములు వారు. అన్న గెట్టును రెండడుగులు జరిపెనని తమ్ముని మొర. పెద్దలు గొలుసు పట్టి కొలిపింపలేదు. గెట్టు వేసిననాడు దగ్గరనున్న ముసలి జీతగానిని పిలిచి యడిగిరి. అతడు నోరు విప్పకముందే అన్న తలవంచుకొనెను. తప్పు క్రింద కట్టించిన సొమ్ముతో అందరికిని టీ పోయించిరి. ఆ రాత్రి అన్నదమ్ములు ఒకే యింట భుజించిరట. ఏ న్యాయస్థానము ఒక్కపూటలో ఇంతటి పని చేయగలదు?

ఐతే నా కన్నులు మరొకటియు చూచినవి. వారి చెల్లెలు, ఇంకను పెండ్లికానిది, చెట్టునీడకు ఆవల నిలిచియుండెను. అప్పటికి మూడేండ్ల క్రిందటనే, 1985లో, ఆంధ్రప్రదేశ్ శాసనము అవివాహితలైన కుమార్తెలకు తాతలనాటి ఆస్తిలో కుమారులతో సమానమైన పాలు కల్పించినది. ఆమెను ఒక్కరును పలుకరింపలేదు. చదువుకొన్నవాడనయ్యును నేనును నోరు మెదపనైతిని.

2008లో శంషాబాదున రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము వెలసినది. చుట్టుపట్ల భూముల ధరలు ఆకాశమంటినవి. అప్పుడామె న్యాయస్థానమున దావా వేసెను. అన్నదమ్ముల కలయికను ఆడుది చెరచినదని ఊరివారాడిపోసుకొనిరి. నా మతమున ఆ కలయిక 1988లోనే కుంటిది. ఆమె పాలును త్రొక్కి నిలిచినది. రాజీపడుట మన సంస్కృతికి భూషణమే. దానికి మూల్యమెవరు చెల్లించిరో కూడ అడుగవలదా?

కొన్నియేండ్లకు ఆ వ్యాజ్యము లోక్ అదాలత్‌నకు వచ్చినది. 1987 నాటి శాసనము క్రింద నడచు ఈ సభలో రాజీ కుదిరినచో దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు రుసుమును తిరిగి యిత్తురు. రచ్చబండకడ వలెనే అచ్చటను ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనిరి. ఆనాడు ఆమెకును కుర్చీ వేసిరి.