జరగాల్సింది ఆమె కాదు!

బస్సెక్కే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, కండక్టర్లకు, డ్రైవర్లకు విజ్ఞప్తి

పొద్దున ఎనిమిదిన్నర సిటీ బస్సు. కాలు పెట్టే జాగా లేదు. పై రాడ్ పట్టుకుని నిలబడ్డ ఆడపిల్ల వీపుకు ఒక మోచెయ్యి తగులుతుంది. బ్రేకు పడ్డప్పుడు తగిలితే ఎవరూ తప్పు పట్టరు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగినా ఆ మోచెయ్యి కదలదు. ఆమె బ్యాగు వెనక్కి తిప్పి అడ్డం పెట్టుకుంటుంది. చెయ్యి నడుము మీదికి దిగుతుంది. "ఏందిది?" అని ఆమె గట్టిగా అడిగితే మనమేమంటున్నాం?

"నువ్వే కొంచెం ముందుకు రామ్మా."

మంచి మనసుతోనే అంటాం. ఆమె జాగా వదులుకుంటుంది. వాడు అక్కడే దర్జాగా నిలబడతాడు, తర్వాతి స్టాపులో ఎవరెక్కుతారా అని చూస్తూ.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఇంకో మాట వినిపిస్తోంది: "ఫ్రీగానే కదా వస్తున్నరు, సర్దుకోవాలె." జీరో టికెట్ ప్రయాణానికి ఇచ్చారు. ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి ఎవడికీ టికెట్ కొట్టలేదు.

"ఇంత చిన్నదానికి కేసా?" అంటారా? 1988లో ఒక విందులో పంజాబ్ పోలీసు బాసు కె.పి.ఎస్. గిల్ తన వెనక చరిచాడని ఐఏఎస్ అధికారి రూపన్ డియోల్ బజాజ్ ఫిర్యాదు చేశారు. హైకోర్టు కొట్టేసింది. 1995లో సుప్రీంకోర్టు కేసు నడవాల్సిందే అంది. నేరం రుజువైంది, 2005లో సుప్రీంకోర్టులోనూ తీర్పు నిలిచింది. అంతటి పెద్ద పోలీసుకే తప్పలేదు, బస్సులో ఈ మోచెయ్యి గాడెంత!

ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఇలాంటి వాటికి ఏడాదికి తగ్గకుండా, ఐదేళ్ల దాకా జైలు. పిల్లల విషయమైతే పోక్సో చట్టం ఉంది, మగపిల్లలకు కూడా. వాళ్లకూ జరుగుతోంది, కాకపోతే నోరు విప్పరు.

అక్కా, చెల్లె! "చెయ్యి తియ్" అని బస్సంతా వినబడేలా చెప్పండి. సారీలు, బతిమాలడాలు వద్దు. మాట రాకపోతే పక్కామె చెయ్యి పట్టుకోండి, ఆమె అరుస్తుంది.

అన్నా, తమ్మీ! ఆమెను జరగమనకండి. వాణ్ణి జరపండి. మీరిద్దరు లేచి నిలబడితే చాలు.

కండక్టరన్నా! గొడవెందుకని వాణ్ణి మధ్యలో దింపి పంపెయ్యకండి. 100కో 112కో ఫోన్ చేసి పోలీసుల షీ టీమ్స్‌కు అప్పజెప్పండి. సాయానికి మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

చదివాక సీటు కింద పడెయ్యకండి. వెనక వరసకు అందించండి.

— మీతో నిలబడి ప్రయాణించేవాళ్లం