గుండెకు పిలకలు రావు



అరటి గెల కోసి చెట్టు నరికేసినా పక్కన పిలక లేస్తుంది. కొబ్బరి చెట్టుకు మొవ్వు కుళ్ళిపోతే మాత్రం ఇక చిగురు రాదు. ఈ తేడా రావులపాలెం రైతుకు మేము చెప్పనక్కర లేదు. జంతువుల గుండెల్లో కూడా ఇలాంటి తేడాయే ఉంది. మన గుండె ఏ కోవలోనిదో తెలియకనే చాలామంది ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని మా అభిప్రాయం.

మన దేశపు వాగుల్లో, వరి చేల నీళ్ళలో జీబ్రా చేప అనే చిన్న చేప ఉంటుంది. పొడవు రెండు అంగుళాలకు మించదు. ఒంటి పొడవునా నీలి చారలుంటాయి. 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు దాని గుండె కింది గదిలో ఐదో వంతు కోసి తీసివేశారు. రెండు నెలల్లో ఆ చోట కొత్త కండ పెరిగింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలో కూడా పరిశోధనల కోసం ఈ చేపలను పెంచుతున్నారు.

అలాగని చేపలన్నిటికీ ఈ శక్తి లేదు. జపాను వరి చేలల్లో బతికే మెడాకా చేపకు గుండె గాయపడితే మచ్చ పడుతుంది గాని కండ పెరగదు. మెక్సికోలో ఒకే జాతి చేప నదిలోనూ, చీకటి గుహల్లోనూ ఉంది. నదిలోది గుండెను బాగు చేసుకుంటుంది, గుహలోది చేసుకోలేదు.

ఎలుక పిల్లకు పుట్టిన రోజున ఈ శక్తి ఉంటుందనీ, ఏడు రోజులు నిండేసరికి పోతుందనీ 2011లో కనుగొన్నారు. పంది పిల్లకైతే రెండు రోజులే గడువు. పుట్టిన కొద్ది కాలానికే వీటి గుండె కణాలు చీలి రెండవడం దాదాపు మానేస్తాయి. ఒళ్ళు వెచ్చగా ఉంచుకునే జీవులలో థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉండడం ఇందుకు ఒక కారణమని 2019లో వచ్చిన పరిశోధన చెబుతోంది.

మరి మన సంగతి? స్వీడన్ శాస్త్రజ్ఞులు 2009లో లెక్క తేల్చారు. 25 ఏళ్ళ వయసులో ఏడాదికి నూటికి ఒక్క గుండె కండ కణం మాత్రమే కొత్తది వస్తుంది. 75 ఏళ్ళకు అది అరశాతం కంటే తగ్గిపోతుంది. పెద్ద గుండెపోటులో వంద కోట్ల కణాల దాకా చనిపోవచ్చు. ఆ నష్టాన్ని ఈ కాస్త పెరుగుదల పూడ్చలేదు. పోయిన కండ స్థానంలో గట్టి మచ్చ మిగులుతుంది. మచ్చ ముడుచుకోదు, రక్తాన్ని నెట్టదు.

ఇది దూరదేశపు సంగతి కాదు. ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారని తేలింది. పల్లెవారికి గుండెపోటు రాదనే మాట ఇకనైనా మానాలి.

మేము గట్టిగా చెప్పదలచినవి రెండు విషయాలు. మొదటిది, ఛాతీలో నొప్పి వస్తే "గ్యాసు అయి ఉంటుంది, సోడా తాగి పడుకో, తెల్లారాక చూద్దాం" అనకండి. రక్తం ఆగిన అరగంటలోపే కండ చావడం మొదలవుతుంది. పంట కాలువ పూడితే ముందుగా శివారు చేను ఎండినట్టు, గంట గంటకూ నష్టం పెరుగుతుంది. సూది మందుతో గాని స్టెంటుతో గాని ఆ పూడిక తీయవచ్చు. కాని ఎండిపోయిన పైరు నీళ్ళు పెట్టినా పచ్చబడదు. చెమటలు, ఆయాసం, ఎడమ చేయి లేక దవడ లాగడం కూడా గుర్తులే. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు నొప్పి లేకుండానే రావచ్చు.

రెండవది, "స్టెంటు వేశారు, నయమైంది" అని మాత్రలు ఆపకండి. నయమైంది అనే మాట ఇక్కడ సరిపోదు. మచ్చ అలాగే ఉంది, మిగిలిన కండ దాని పని కూడా చేస్తోంది. ఆ మిగిలినదాన్ని కాపాడేవే ఆ మాత్రలు. ఈ సంగతి ఇంటికి పంపే రోజున రోగికీ, ఇంట్లోవారికీ విడమరచి చెప్పడం ప్రతి ఆసుపత్రి బాధ్యత అని మేము నమ్ముతున్నాము.

చేప రహస్యం తెలిస్తే మనకూ మందు వస్తుంది కదా అని కొందరు అడుగుతుంటారు. రావచ్చు, పరిశోధనలు జరుగుతున్నాయి. కాని చచ్చిన కండను చేపలా తిరిగి పెంచే మాత్ర గాని, లేహ్యం గాని ఇంతవరకు మన ఆసుపత్రుల్లో లేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే డబ్బు పోసుకోకండి.

గుండెపోటు నుండి బయటపడినవారు దిగులు పడనక్కర లేదు. మాత్రలు క్రమంగా వాడి, చుట్ట, సిగరెట్టు మాని, ఉప్పు, ఊరగాయ తగ్గించి, డాక్టరు చెప్పినంత నడిస్తే మిగిలిన గుండెతోనే చాలా ఏళ్ళు హాయిగా బతకవచ్చు. 2005 నుండి మన రాష్ట్రంలో 108 అంబులెన్సు ఉంది. ఆ నంబరు ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి. నొప్పి అర్ధరాత్రి వచ్చినా సరే, వెంటనే ఫోను చేయండి.