విశ్రాంతిని ముందుగా కొనవచ్చునా?

పనివలెనే విశ్రాంతియు మానవజీవితమునకు అవసరము. 1948వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి వెలువరించిన విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణము, పనిగంటలకు పరిమితి ఉండవలెననియు, అప్పుడప్పుడు వేతనముతో కూడిన సెలవులు లభింపవలెననియు, విశ్రాంతి ప్రతి మానవుని హక్కనియు చాటినది. అయితే హక్కుగా గుర్తింపబడినది అంగడి సరుకు కూడ కాగలదు. నేడు సెలవుదినముల విహారమును ఒక్క యేటికి కాక, పాతికేండ్లకు ఒక్కసారిగా అమ్మువారు కలరు, కొనువారును కలరు. ఈ బేరమునకు టైమ్‌షేర్ అని పేరు. తెలుగున కాలవాటా అనవచ్చును.

కాలవాటా స్వరూపము సులభముగనే బోధపడును. కొండమీదనో సముద్రతీరముననో ఒక యిల్లు కలదనుకొందము. ఒక్క కుటుంబమునకు అది సంవత్సరము పొడుగున అక్కరలేదు. ఏటికి ఒక వారము చాలును. సంవత్సరమునకు వారములు 52. మరమ్మతులకు రెండు వారములు విడిచినను, ఆ యింటిలో 50 కుటుంబములు వంతులవారీగా ఉండవచ్చును. ఒక్కొక్క కుటుంబము తన వారమునకు తగిన మూల్యమును మొదటనే చెల్లించి, పిమ్మట నిర్వహణవ్యయమును ఏటేట చెల్లించుచుండును. కాలువక్రింద నీటిని వంతుపెట్టుకొనుట ఎరిగిన తెలుగు రైతునకు ఈ లెక్క క్రొత్తది కాదు.

ఈ పద్ధతి 1960 తరువాతి దశాబ్దమున ఐరోపాలో ప్రారంభమైనది. స్విట్జర్లాండులో 1963లో ఏర్పడిన హాపిమాగ్ సంస్థ, సభ్యులకు వాటాలమ్మి, ఆ ధనముతో విహారస్థలములయందు ఇండ్లు సమకూర్చి, వారికి వంతులవారీగా బస నిచ్చుచు వచ్చినది. ఫ్రాన్సుదేశమున ఆల్ప్స్ పర్వతములలోని సూపర్‌డెవొలుయి అను మంచు విహారస్థలమున 1967లో ఇట్టి అమ్మకములు జరిగినవి. 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అను సంస్థ ఏర్పడి, ఒకచోట వారము గలవారు దానిని మరియొకచోటి వారముతో మార్చుకొను సదుపాయమును కల్పించినది. భారతదేశమున 1986లో స్టెర్లింగ్ సంస్థయు, 1996లో మహీంద్రా హాలిడేస్ సంస్థయు స్థాపింపబడినవి. ఈ దేశమున సామాన్యముగా అమ్మబడునది ఇల్లు కాదు, భూమి కాదు. పాతికేండ్లవంటి నిర్ణీతకాలము ఏటికి ఏడు దినములు బస చేయు హక్కు మాత్రమే. సంవత్సరమును రద్దీనిబట్టి ఋతువులుగా విభజించి, ఒక్కొక్క ఋతువునకు ఒక్కొక్క రంగు పేరు పెట్టి, వేర్వేరు ధరలు నిర్ణయించుటయు వాడుకలో ఉన్నది.

మధ్యతరగతి కుటుంబములు దీనికి ఆకర్షింపబడుటకు తగిన కారణములు లేకపోలేదు. హోటలు గదిలో ఇమడని కుటుంబము వంటగది గల యింటిలో సుఖముగా ఉండగలదు. పసిబిడ్డకు పాలు కాచుకొనవచ్చును. పెద్దలకు పథ్యము వండిపెట్టవచ్చును. పైగా, సెలవు పెట్టుటయే పాపమని భావించు గృహస్థుడు, ధనము ముందే చెల్లించితినను కారణముచేతనైనను ఏటికొక్కసారి ఆలుబిడ్డలతో కదలును. ఈ మేలును చిన్నదిగా చూడరాదు.

ఇంతకంటె లోతైన కారణము మరియొకటి కలదు. రెండు తరముల క్రిందట తెలుగు బాలబాలికలకు వేసవిసెలవులనగా అమ్మమ్మగారి ఊరు. బడి మూసిన మరునాడే పెట్టె సర్దుకొని పోవుటయే గాని, ఎక్కడికి పోవలెనను ప్రశ్నయే లేదు. చెరువుగట్టు, మామిడితోట, వాకిట నులకమంచములు, పినతల్లుల బిడ్డలు, మేనమామల బిడ్డలు: ఏటేట అదే స్థలము, అదే జనము. ఇప్పుడు పెక్కు కుటుంబములలో ఆ యిల్లు అమ్ముడుపోయినది. లేదా తాళము పడినది. అమ్మమ్మయు పట్టణములోని అంతస్తుల భవనమున మూడవ అంతస్తునకు చేరినది. ఏటేట తప్పక పోదగిన స్థలమొకటి ఉండవలెనను కోరిక మాత్రము చావలేదు. కాలవాటా అమ్మువాడు తెలిసియో తెలియకయో ఆ కోరికకే వెల కట్టుచున్నాడు. కాని అమ్మమ్మగారి యింటిని తీర్థముగా చేసినది యిల్లు కాదు, ఇంటివారు. గది తాళపుచెవిని సంస్థ ఇయ్యగలదు. గడపలో ఎదురుచూచు మనిషిని ఇయ్యజాలదు.

ఇక అసలు చిక్కు కాలమునకు సంబంధించినది. ఒక దంపతులను సాయంకాలపు విందునకు పిలిచి, చిన్న బహుమతి నిచ్చి, నేడే సంతకము చేసినచో ధర తగ్గునని తొందరపెట్టుట ఈ వ్యాపారమున తరచుగా కనబడు రీతి. ఆ దంపతులకు ముప్పదియైదేండ్ల వయస్సనుకొందము. బిడ్డలు ఆరేండ్లవారు, మూడేండ్లవారు. వారికి చూపు బొమ్మలలో తండ్రి భుజముపై బిడ్డ, తల్లి చేతిలో బంతి, వెనుక పచ్చని కొండ ఉండును. ఆ బొమ్మ ఆనాటికి సత్యమే. ఒప్పందము మాత్రము పాతికేండ్లది. సంతకము చేయువాడు ముప్పదియైదేండ్ల యువకుడు. తుదివాయిదా చెల్లించువాడు అరువదేండ్ల వృద్ధుడు. వీరిద్దరికి పేరొక్కటే గాని అవసరములు ఒక్కటి కావు.

బిడ్డలు బడిలో చేరగానే కుటుంబపు విహారమునకు పంచాంగము బడియే అగును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేసవిసెలవులు ఏప్రిల్ చివరినుండి జూన్ రెండవవారము వరకు ఉండును. తక్కినవి దసరా, సంక్రాంతి. బడిబిడ్డలు గల కుటుంబములన్నియు ఆ కొలది వారములనే కోరును. కనుకనే ఆ వారములు మిక్కిలి ప్రియమైనవి. చవుక ఋతువును కొన్నవానికి బిడ్డలు తరగతిలో నుండు కాలమున కొండమీద గది దొరకును. ఉపాధ్యాయుని స్థితి మరింత విచిత్రము. అతనికి సెలవుదినములు ఇతరులకంటె హెచ్చు. కాని అవి అన్నియు అందరును కోరు దినములే.

బిడ్డ పదవతరగతి దాటి ఇంటర్మీడియట్‌లో చేరినచో విహారము మాట అటుండ, బంధువుల వివాహమునకు పోవుటయే కష్టము. వైద్యవిద్యకో, ఇంజనీరింగుకో ప్రవేశపరీక్ష ముగియువరకు ఇల్లు కదలదు. ఇరువురు బిడ్డలున్నచో ఇట్టి సంవత్సరములు నాలుగు. అటుపిమ్మట బిడ్డలు వసతిగృహములకు, పరదేశములకు పోవుదురు. తల్లిదండ్రుల ప్రయాణములు అప్పుడు వేరుదారి పట్టును. కుమార్తె పురుటికో, మనుమని పెంపకమునకో అమెరికా పోయి నెలలతరబడి ఉండు తెలుగు తల్లిదండ్రులు నేడు కొల్లలు. వారి విహారపు వారము ఊటీలోనో మున్నారులోనో వారికొరకు కాచుకొనియుండును. నిర్వహణరుసుము కోరు ఉత్తరము మాత్రము తప్పక చేరును.

ఉద్యోగవిరమణానంతరము తీరిక కావలసినంత. రద్దీలేని దినములను ఎంచుకొను స్వేచ్ఛయు అప్పుడే కలుగును. కాని మోకాళ్ళు అప్పటికి సహకరింపవు. ఊటీ సముద్రమట్టమునకు రెండువేల రెండువందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఆయాసము గలవారికి ఆ చలి సుఖకరము కాదు. మనస్సు కాశికో, శ్రీశైలమునకో, అరుణాచలమునకో లాగును. మంచముపట్టిన తల్లియో తండ్రియో ఇంట ఉన్నచో ఆ ప్రయాణమును లేదు. ప్రాచీనులు జీవితమును నాలుగు ఆశ్రమములుగా విభజించి, బ్రహ్మచారికొక నియమము, గృహస్థునకొక నియమము, వానప్రస్థునకొక నియమము చెప్పిరి. ఒక దశకు తగినది మరియొక దశకు తగదను ఎరుక ఆ విభజనలో ఉన్నది. కాలవాటా పత్రమున ఆ యెరుక లేదు.

లెక్క కట్టి చూచుటయు మంచిది. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థి చేయదగిన లెక్కయే. ఒక కుటుంబము సభ్యత్వమునకు 5 లక్షల రూపాయలు చెల్లించినదనుకొందము. నిర్వహణరుసుము ఏటికి 20 వేలనుకొందము. ఆ 5 లక్షలను బ్యాంకులో నూటికి 7 వంతున వేసినచో ఏటికి 35 వేల వడ్డీ వచ్చును. ఈ వడ్డీయు, రుసుమును కలిసి 55 వేలు. ఏడు రాత్రులకు పంచగా రాత్రి ఒక్కింటికి 7,857 రూపాయలు. భోజనము, ప్రయాణము ఇందులో చేరలేదు. ఇక రుసుము ఏటేట నూటికి 5 వంతున పెరిగినచో పాతికేండ్లలో చెల్లించునది 5 లక్షలు కాదు, దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. ఇంటి పరిస్థితులవలన పాతికేండ్లలో పదునైదేండ్లు మాత్రమే పోగలిగినచో ప్రతి రాత్రియు మరింత ప్రియమగును. బ్యాంకులో వేసినవానికి మూలధనము చెక్కుచెదరక మిగులును. పోని సంవత్సరపు వడ్డీయు మిగులును. అంకెలు సంస్థనుబట్టి మారవచ్చును. లెక్కించు రీతి మారదు.

ఈ పద్ధతి ముందుగా పుట్టిన ఐరోపాలో దీని ముదిమియు ముందుగా కనబడినది. స్పెయిన్ సముద్రతీరములయందు, కానరీ ద్వీపములయందు యౌవనమున వారములు కొన్న బ్రిటిష్ కుటుంబములు కొన్ని వృద్ధాప్యమున వానిని వదలించుకొనలేక బాధపడినవి. విమానమెక్కు శక్తి లేకపోయినను రుసుము తప్పలేదు. అమ్మబోయిన కొనువారు లేరు. కొన్ని ఒప్పందములకు కాలపరిమితియే లేకుండెను. స్పెయిన్ దేశము 1998నాటి చట్టముచేత ఇట్టి ఒప్పందములకు 3 సంవత్సరములు కనీసముగను, 50 సంవత్సరములు గరిష్ఠముగను నిర్ణయించినది. ఆ హద్దును మీరిన ఒప్పందములు చెల్లవని ఆ దేశపు సర్వోన్నతన్యాయస్థానము 2015లో తీర్పు చెప్పినది. ఐరోపా సమాజము 1994లోనే కొనుగోలుదారునకు పది దినములలో ఒప్పందమును రద్దుచేసికొను హక్కు నిచ్చి, 2009లో ఆ గడువును పదునాలుగు దినములకు పెంచినది. శాసనము ఇంతగా శ్రద్ధ వహించినదనగా, ఆలోచించుటకు వ్యవధి ఇయ్యకుండ అమ్ముటయే ఇందలి ప్రధానదోషమని గ్రహింపవచ్చును.

యాత్ర విలువ బసలో లేదని తెలుగు సాహిత్యమే సాక్ష్యమిచ్చుచున్నది. ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి. 1830వ సంవత్సరము మే నెలలో పరివారముతో బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. పదునైదు నెలలు దారిలో గడపెను. చూచిన ఊరి పంటలు, ధరలు, ఆచారములు, బాటలు, నీటివసతులు వ్రాసికొనుచు పోయెను. ఆ గ్రంథము 1838లో అచ్చయినది; ఆనాటి దేశస్థితిని తెలిసికొనగోరువారు నేటికిని దానిని తెరచుచున్నారు. ఆయన ఏ స్థలముననైనను వాటా కొనలేదు. వయస్సు, అవకాశము, కోరిక మూడును కలిసివచ్చిన వేళ కదలెను. కదలినప్పుడు కన్నులు తెరచి చూచెను.

అందుచేత కాలవాటా కొనువారందరు మోసపోవుదురనుట న్యాయము కాదు. సెలవులను తమ యిచ్చవచ్చినప్పుడు పొందగలవారికి, సొంత ధనమేగాని అప్పు తేనివారికి, ఏటేట తప్పక పోవువారికి అది ఉపయోగపడవచ్చును. జీతముపై జీవించు గృహస్థుడు మాత్రము సంతకమునకు ముందు ఇంటికి వచ్చి, ఒక రాత్రి నిదురించి, కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. రుసుము ఎంతవరకు పెరుగవచ్చును? నడుమ విడువదలచినచో ఏమి తిరిగివచ్చును? కోరిన వారము దొరకనిచో దిక్కేది? మరణానంతరము బాధ్యత ఎవరిది? సమాధానములు విక్రేత నోట కాక పత్రములో ఉన్నవా? ఈ ప్రశ్నలకు నిలిచిన బేరమునకు రేపటి సంతకమువలన నష్టము రాదు. నిలువని బేరము నేటి రాయితీవలన లాభము కాదు.

ఆ వాటా కొనని కుటుంబము విహారమును మానుకొననక్కరలేదు. నెలనెల కొంత ధనమును ప్రయాణనిధిగా దాచి, ఈ యేడు బిడ్డలకు అరకులోయ, మరుసటి యేడు తల్లిదండ్రులకు కాశి, పరీక్షల సంవత్సరమున దగ్గరి నదీతీరమున ఒక్క దినము: ఇట్లు దశకు తగినట్లు మలచుకొనవచ్చును. ఉపాధ్యాయుడు వేసవిసెలవుల తరువాత విద్యార్థులను, ఎక్కడికి పోయితిరని కాక ఏమి చూచితిరని అడుగవలెను. ఊరు విడువని బాలుడును ఆ ప్రశ్నకు సిగ్గుపడక సమాధానము చెప్పగలడు. ధాన్యమును గాదెలో నిలువచేయవచ్చును. ధనమును బ్యాంకులో దాచవచ్చును. విశ్రాంతి అట్టిది కాదు. అలసట కలిగిననాడు, ఆత్మీయులు ప్రక్కనున్ననాడు, ఆ దినమునకు ఆ దినమే దానిని అనుభవింపవలెను.