ఊగే రాయినే అడుగుదాం!



ఉయ్యాల మీద లావుపాటి అన్నయ్య కూర్చుంటే త్వరగా పోయి వస్తుందా, బక్కపలచని చెల్లెలు కూర్చుంటే త్వరగా పోయి వస్తుందా? ఈ ప్రశ్న మీ వీధిలో నలుగురు పిల్లల్ని అడిగి చూడండి. "అన్నయ్యే! బరువు గదా, విసురుగా వస్తాడు" అని ఇద్దరు అంటారు. "కాదు, చెల్లెలే! తేలిక గదా" అని ఒకరు అంటారు. నాలుగోవాడు, "ఉండండి, మా మాస్టారిని అడిగి వస్తాను" అంటాడు.

నాలుగోవాడి మాట తప్పు కాదు. కాని మాస్టారికి ఎట్లా తెలిసింది? ఆయన ఒక పుస్తకంలో చదివారు. ఆ పుస్తకం రాసినాయనకు ఎట్లా తెలిసింది? ఆయన మరొక పుస్తకంలో చదివాడు. ఇట్లా వెనక్కు పోగా పోగా, ఎవరో ఒకరు దారానికి రాయి కట్టి ఊపి చూసిన చోటికి చేరుకుంటాము. ఆ చోటికి ఈ నెల మనమే పోదాం. రైలు టికెట్టు అక్కరలేదు.

కావలసినవి ఇవి: మీటరున్నర గట్టి దారం, ఒకే రకం చిన్న మందుబిళ్ళల డబ్బాలు రెండు, గుప్పెడు ఇసుక, గుప్పెడు ఊక, ఒక స్కేలు, సెకన్లు చూపే గడియారం లేదా ఇంట్లోవారి ఫోను, ఒక నోటుబుక్కు, ఒక నేస్తం. నేస్తం ఎందుకంటారా? ఒకరు ఊపులు లెక్కపెడుతూ ఉంటే ఇంకొకరు గడియారం చూడాలి.

మొట్టమొదట నోటుబుక్కు తెరిచి, ఏమి జరుగుతుందని మీరు అనుకుంటున్నారో రాయండి. ఎందుకు అట్లా అనుకుంటున్నారో కూడా రాయండి. ప్రయోగం అయిన తరువాత, "నేను ముందే ఇట్లా అనుకున్నాను" అనడం మనుష్యులకు మహా అలవాటు. ముందే రాసిపెడితే ఆ దొంగాట సాగదు.

ఇప్పుడు ఒక డబ్బా నిండా ఇసుక, మరొక డబ్బా నిండా ఊక పోసి మూతలు బిగించండి. బల్ల అంచున ఒక కర్రపుల్లను బయటికి వచ్చేట్టు ఉంచి, దానిమీద బరువైన పుస్తకాలు పెట్టండి. పుల్లకు దారం కట్టి, దారం కొసన ఇసుక డబ్బా కట్టండి. పుల్ల దగ్గర నుంచి డబ్బా నడిమి దాకా సరిగా 60 సెంటీమీటర్లు ఉండాలి. డబ్బాను ఒక పక్కకు జానెడు లాగి వదలండి. తొయ్యవద్దు, ఊరికే వదలండి. అది అవతలికి పోయి మళ్ళీ మీ చేతి దగ్గరకు వస్తే ఒక ఊపు. ఇట్లా 20 ఊపులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి.

ఇక్కడ ఒక చిన్న చిక్కున్నది. డబ్బాను వదిలేటప్పుడే "ఒకటి" అన్నారంటే, మీరు "ఇరవై" అనేసరికి నిజానికి 19 ఊపులే అవుతాయి. కాబట్టి వదిలేటప్పుడు "సున్న" అనాలి.

ఒక్క ఊపు చాలదా, ఇరవై ఎందుకు? గడియారం నొక్కడంలో మీ చెయ్యి అర సెకను ఆలస్యం చేసిందనుకోండి. ఒక్క ఊపునే కొలిస్తే ఆ అర సెకనూ ఆ ఒక్కదాని నెత్తినే పడుతుంది. ఇరవై ఊపులు కొలిస్తే అది ఇరవైమందికి పంచినట్టవుతుంది. ఒక్కొక్క ఊపు వాటాకు సెకనులో నలభయ్యోవంతే వస్తుంది.

కొలవడం మూడుసార్లు చెయ్యండి. ఒకసారి 31, ఒకసారి 32, ఒకసారి 31 రావచ్చు. 32 నచ్చలేదని దాన్ని కొట్టివేయకండి. మూడూ రాసి, కూడి, మూడుతో భాగించండి.

ఆ తరువాత ఇసుక డబ్బా విప్పి, ఊక డబ్బా కట్టండి. పొడుగు మళ్ళీ 60 సెంటీమీటర్లే, లాగడం మళ్ళీ జానెడే. మార్చింది బరువు ఒక్కటే. ఇప్పుడు కొలవండి. ఏమి వచ్చిందో నేను చెప్పను. అది మీ నోటుబుక్కు చెబుతుంది.

"డబ్బాల బాధ ఎందుకు? ఒక గులకరాయి, ఒక పెద్ద రాయి కడితే పోలా?" అని మీలో తెలివిగలవారు అడగవచ్చు. సరే, కట్టి చూద్దాం. రెంటికీ దారం 25 సెంటీమీటర్లే ఉంచారనుకోండి. 20 ఊపులకు పెద్ద రాయి సుమారు ఒక సెకను ఎక్కువ తీసుకోవచ్చు. "బరువు పెరిగితే నిదానం!" అని రాయబోతారు. ఆగండి! గులకరాయి నడిమి దారం కొసకు ఒక సెంటీమీటరు కింద ఉన్నది. పెద్ద రాయి నడిమి నాలుగు సెంటీమీటర్ల కింద ఉన్నది. అంటే మీకు తెలియకుండానే బరువుతోబాటు పొడుగూ మార్చారు. తేడా ఎవరివల్ల వచ్చినట్టు? ఇద్దరు దొంగలు ఉన్న గదిలో ఒక్కణ్ణే పట్టుకొని తీర్పు చెప్పకూడదు గదా! ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలనే నియమం ఇందుకే పుట్టింది. ఇసుకనూ ఊకనూ ఒకే రకం డబ్బాల్లో పోసింది కూడా ఇందుకే.

ఇట్లా ఊగేదాన్ని లోలకం అంటారు. ఇటలీ దేశపు గెలీలియో దీన్ని శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు పీసా నగరపు చర్చిలో ఊగే దీపాన్ని చూసి, గడియారం లేక తన నాడి కొట్టుకోవడంతో కాలం కొలిచాడని ఆయన శిష్యుడు వివియానీ రాశాడు. తరువాత హాలెండు దేశపు హైగెన్స్ 1656లో లోలకంతో నడిచే గడియారం తయారుచేశాడు.

అసలైన కథ ఆ తరువాత జరిగింది. 1672లో ఫ్రాన్సు నుంచి రిషే అనే ఆయన నక్షత్రాలను పరిశీలించడానికి దక్షిణ అమెరికాలోని కాయెన్ అనే చోటికి వెళ్ళాడు. అది భూమధ్యరేఖకు దగ్గర. పారిస్‌లో సరిగా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని కాస్త పొట్టి చేస్తేగాని సరిగా నడవలేదు.

ఆయన ఏమి చేసి ఉండవచ్చు? "ఇదేదో నా పొరపాటు" అనుకొని, అందరూ ఎదురుచూసే అంకెనే రాసి ఇంటికి పోవచ్చు. ఆయన అట్లా చేయలేదు. మళ్ళీ మళ్ళీ కొలిచి, వచ్చినదే రాశాడు. ఆ అంకెను అనుమానించినవారు ఉన్నారు. కాని 1687లో న్యూటన్ తన గొప్ప గ్రంథంలో దాన్ని సాక్ష్యంగా వాడుకున్నాడు. భూమి నున్నటి బంతి కాదనీ, నడుము దగ్గర కాస్త ఉబ్బి, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకొని ఉన్నదనీ, అందుచేత భూమధ్యరేఖ దగ్గర భూమి లాగే బలం కొంచెం తక్కువనీ ఆయన చెప్పాడు. భూమి కేంద్రం నుంచి భూమధ్యరేఖకు ఉన్న దూరం, ధ్రువానికి ఉన్న దూరంకన్నా సుమారు 21 కిలోమీటర్లు ఎక్కువని ఈనాడు మనకు తెలుసు. ఒక మనిషి తనకు అర్థంకాని అంకెను చెరిపివేయనందువల్ల భూమి ఆకారానికి ఒక సాక్ష్యం దొరికింది!

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లవాడు డబ్బా ఊపుతూ ఉంటే, "ఇది నాకు తెలుసురా" అని జవాబు చెప్పకండి. "ఏమి మార్చావు? ఏమి మార్చకుండా ఉంచావు? ఇంకొకసారి చేస్తే ఇంతే వస్తుందా?" అని అడగండి. మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులలో సైన్సును ఈ దారిలోనే నేర్పడం మొదలుపెట్టారు. 1978లో అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ పాకింది. పిల్లలే ప్రయోగాలు చేసి, ఏమి తేలిందో వారే చర్చించుకునేవారు. పరీక్షకు పుస్తకం తీసుకుపోవచ్చు. పరీక్షలో ప్రయోగం కూడా చెయ్యాలి. కాపీ కొట్టడానికి అందులో ఏమున్నది? పిల్లలు తమ సందేహాలను సవాలీరామ్ అనే కల్పిత మిత్రుడికి ఉత్తరాలుగా రాసేవారు, జవాబులూ వచ్చేవి. ప్రభుత్వం 2002లో ఆ కార్యక్రమాన్ని ఆపివేసింది. కాని దారం, రాయి, ప్రశ్న ఎవరూ ఆపగలిగేవి కావు.

బాలలూ, ఈ నెల మీ పని ఇది. ఇసుక డబ్బాతో దారం పొడుగును 25, 50, 100 సెంటీమీటర్లుగా మార్చి, ప్రతిదానికీ 20 ఊపుల కాలం కొలవండి. పొడుగు రెండింతలైతే కాలమూ రెండింతలవుతుందా? నాలుగింతలైతే ఏమవుతుంది? తరువాత పొడుగు మార్చకుండా, డబ్బాను జానెడు లాగి ఒకసారి, బాగా పైకెత్తి ఒకసారి వదిలి చూడండి. పైకెత్తినప్పుడు దారం వదులు కాకూడదు సుమా!

మీ అంకెలు పుస్తకంలోని అంకెలతో కలవకపోతే దిగులుపడకండి. పుస్తకాన్ని చూసి దిద్దుకోకండి కూడా. దారాన్ని మళ్ళీ కొలవండి, ఊపులు మళ్ళీ లెక్కపెట్టండి. అప్పటికీ అదే వస్తే, వచ్చినదే రాయండి.